గిడ్డంగిలో ప్రమాదములు – గాయపడిన పనివాని హక్కులు

ధాన్యము కళ్లము దాటి గిడ్డంగి చేరినంతనే తన బాధ్యత తీరినదని రైతు తలంచుట వాడుక. ఆ గిడ్డంగి సహకార సంఘమునదైనచో ఈ తలంపు పొసగదు. అచ్చట బస్తా మోయు హమాలీకి పని యిచ్చువారు సంఘమువారు, సంఘమనగా సభ్యులే. పంట పనులు లేని దినములలో మన కుటుంబములలోని యువకులే గిడ్డంగులకు కూలికి పోవుచున్నారు. కావున ఈ విషయము రెండు విధముల మనదే.

ఇప్పుడు పెద్ద గిడ్డంగులలో ఫోర్కులిఫ్టు అను బండి వాడుచున్నారు. ఇది తక్కెడ వంటిది. ముందరి చక్రములు తక్కెడ ముల్లు. ముందున్న ఇనుప కొమ్ములపై సరకు ఒక తట్ట. వెనుకనున్న ఇనుప దిమ్మ రెండవ తట్ట. సరకు మితిమీరినను, కొమ్ముల కొనకు జరిగినను బండి ముందునకు మొగ్గును. సరకును పైకెత్తి యుంచి వేగముగా మలుపు తిరిగినచో ప్రక్కకు ఒరుగును. ఈ బండి వెనుక చక్రములతో తిరుగును గనుక మలుపులో దాని వెనుకభాగము బయటకు విసురుగా వచ్చి, గోడకును బండికిని నడుమనున్న మనిషిని నొక్కివేయును. ఎత్తయిన సరకు తోలువాని చూపునకు అడ్డమగును.

అందుచేత పాటింపవలసిన నియమములు ఇవి:

1. శిక్షణ పొందనివానిచే బండి తోలింపరాదు.
2. నడుచునపుడు సరకు నేలకు దగ్గరగా నుండవలెను. ముందు కనబడనిచో వెనుకకు తోలవలెను. అయితే సరకుతో ఏటవాలు ఎక్కునపుడు సరకు పైవైపుననే యుండవలెను గనుక దారి చూపుటకు మనిషిని నిలుపవలెను.
3. కొమ్ములపై మనుష్యుల నెక్కించుట, ఎత్తిన సరకు క్రింద నిలుచుట కూడదు.
4. నడచువారి దారి వేరు, బండి దారి వేరుగా గీతలు గీయవలెను.
5. బండి ఒరిగినచో తోలువాడు దూకరాదు. దూకినవానిపైననే బండి పడును. నడుము పటకా కట్టుకొని ఆసనమునే పట్టియుండవలెను.
6. బస్తాల దొంతరను ఒకదానికొకటి అడ్డముగా పేర్చవలెను; దింపునపుడు పైనుండియే దింపవలెను గాని క్రింది బస్తాను లాగరాదు.

ఇక హక్కుల మాట. 1923లో పనివారి నష్టపరిహార చట్టము వచ్చినది. సరకు నిలువచేయు గిడ్డంగులలోను, బజారులలోను సరకు మోయు పని ఆ చట్టపు పట్టికలో చేరియున్నది. ఇప్పుడు దాని స్థానమున, 2025 నవంబరు 21 నుండి, 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చినది. పనిలో, పని కారణముగా గాయపడినవానికి పరిహారము చెల్లవలెను. యజమాని తప్పిదమును రుజువు చేయనక్కరలేదు. పనివాని అజాగ్రత్త మాత్రము చేతనే హక్కు పోదు. త్రాగియుండుట, రక్షణ సాధనములను బుద్ధిపూర్వకముగా తీసివేయుట వంటివి హక్కునకు అడ్డమగును గాని, మరణమో శాశ్వత పూర్ణ వైకల్యమో కలిగినచో అవియును అడ్డము కావు.

లెక్క యెట్లనగా: మరణమునకు నెల వేతనములో నూటికి 50, శాశ్వత పూర్ణ వైకల్యమునకు నూటికి 60 పాలు తీసి, వయస్సును బట్టి పట్టికలోనున్న అంకెతో గుణింపవలెను. నలువది ఏండ్లవానికి ఆ అంకె 184.17. నెలకు రూ. 12,000 వేతనము గలవాడు మరణించినచో కుటుంబమునకు రూ. 11,05,020, శాశ్వత పూర్ణ వైకల్యమునకు రూ. 13,26,024 వచ్చును. బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో నూటికి 30 పాళ్లు నష్టమని పట్టిక. అనగా సుమారు రూ. 3,97,807. తాత్కాలికముగా పని చేయలేనివానికి పక్షమునకొకసారి నెల వేతనములో నూటికి 25 పాలు చెల్లవలెను. వైద్యపు ఖర్చును యజమాని భరింపవలెను. రాజ్య బీమా వర్తించు పనివానికి మాత్రము ఈ సహాయము ఆ బీమా నిధినుండి లభించును.

గుత్తదారు ద్వారా పని చేయించితిమని సంఘము తప్పించుకొనజాలదు. పనివాడు సంఘమునే అడుగవచ్చును. సంఘము పిదప గుత్తదారునుండి రాబట్టుకొనవచ్చును. “నాకేమియు అక్కరలేదు” అని ముందుగా వేలిముద్ర వేయించుకొన్న కాగితము చెల్లదు. మరణ పరిహారమును చేతికీయక అధికారివద్ద జమకట్టవలెను.

గాయపడినవాడు ఆలస్యము చేయక ప్రమాదమును వ్రాతమూలముగా తెలుపవలెను. చూచినవారి పేర్లు, వైద్యుని చీటి, కూలి లెక్క భద్రపరుపవలెను. 1923 నాటి చట్టము రెండేండ్ల గడువు పెట్టియుండెను గనుక జాప్యము ఎన్నడును మేలు కాదు.

సంఘములు చేయదగినది స్పష్టము. హమాలీల పేర్లు, కూలి పుస్తకములో వ్రాయుడు. ప్రమాద పుస్తకము నుంచుడు. పరిహారమునకు బీమా చేయించుడు. బీమా లేని సంఘమున ఒక్క బస్తా దొంతర కూలినచో ఒక కుటుంబము వీధిన పడును. దానితోపాటు సభ్యుల వాటాధనమును కరగిపోవును. రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సభ్యుడును ఈ మూడింటిని గూర్చి కార్యవర్గమును అడుగవలెను.