చెన్నపురి హైకోర్టు భవనము

విద్యార్థులారా, చంద్రగిరి రాజమహలును మీలో ననేకులు చూచియుందురు. మహమ్మదీయ పద్ధతి కమానులును, మన దేవాలయ విమానములను బోలిన శిఖరములును ఆ యొక్క కట్టడమునందే కలసియున్నవి. ఇట్టి కలయికను మిక్కిలి విస్తారముగా జూడగోరువారు చెన్నపురి హైకోర్టునకు బోవలెను. అది మనకు పరాయి కట్టడము గాదు. 1862 మొదలు 1954 వఱకు చిత్తూరు, తిరుపతి ప్రాంతముల వ్యాజ్యములు అప్పీలునకు బోయినది ఆ న్యాయస్థానమునకే.

హైకోర్టు 1862 ఆగస్టు 15వ తేదీన పని యారంభించి, ముప్పది సంవత్సరములు సముద్రతీరమునందలి బెంటింకు భవనమున నడచెను. ఇప్పటి భవనము 1892 జూలై 12వ తేదీన దెఱవబడినది. బ్రాసింగ్టను దొర తలపెట్టిన నిర్మాణమును హెన్రీ ఇర్విను, స్టీఫెన్సు అను శిల్పులు ముగించిరి. ఎఱ్ఱని యిటుక గోడలు, వానిపై గుమ్మటములు, మీనారులు, రంగుటద్దముల కిటికీలు, ఎంత నడచినను దరుగని వసారాలు. దీనిని ఇండో సారసెనిక్ పద్ధతి యందురు. గుమ్మటములను మెచ్చుకొనువారు పెక్కుమంది. నాకు మాత్రము ఆ వసారాలే మేలుగా దోచును. చెన్నపురి యెండలో వాని నీడయే గదా వచ్చినవారికి దిక్కు!

ఇంకొక వింత గలదు. 1894 మొదలు 1977 వఱకు ఈ భవనపు టెత్తయిన గోపురము ఓడలకు దీపస్తంభముగా గూడ నుండెను. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెను అను జర్మను యోడ పట్టణముపై గుండ్లు గురిపించినప్పుడు, ఒక గుండు కోర్టు ప్రహరీగోడకు దగిలెను.

మన ప్రాంతమునకు ముఖ్యమైన వ్యవహారమొకటి యిచ్చట విచారింపబడెను. 1843 మొదలు తిరుమల దేవస్థానపాలనము హాథీరాంజీ మఠపు మహంతుల వశమున నుండెను. స్వామివారి సొమ్మునకు గట్టి కట్టుబాటు లుండవలెనని పుట్టిన వ్యాజ్యము, నాడు చిత్తూరు ముఖ్యపట్టణముగా నున్న ఉత్తర ఆర్కాటు జిల్లానుండి ఈ కోర్టునకు వచ్చి, ఇచ్చటినుండి లండనునందలి ప్రీవీ కౌన్సిలునకు బోయెను. 1907లో ఆ కౌన్సిలు తీర్పు చెప్పెను. మహంతుల పాలనము 1933 వఱకు సాగెను. పిమ్మట చట్టము ననుసరించి కమిటీ వచ్చెను.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినను, మన యప్పీళ్లు మఱుసటి యేడు జూలై 5వ తేదీన గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలయువఱకు చెన్నపురికే పోవుచుండెను. తరువాత 1956లో హైదరాబాదు, 2019లో అమరావతి. తిరుపతి కక్షిదారుడు మునుపు ఉదయమున రైలెక్కి మధ్యాహ్నమునకు వకీలు నింటికి జేరెడివాడు. ఆ దగ్గఱితనము మఱి లేదు.