నీళ్లతో బైక్, గాలితో కారు, ఎండతో ప్రయాణం: లెక్క ఏం చెబుతోంది?

"లీటర్ నీళ్లతో వంద కిలోమీటర్లు" అనే వీడియో ఏడాదికి ఒక్కసారైనా వాట్సాప్‌లో మనకు ఫార్వార్డ్ అవుతుంది. కొన్నింటి కింద కిట్ కొనమని లింక్ కూడా ఉంటుంది. డబ్బులు పెట్టే ముందు లెక్క ఒకసారి వేసి చూద్దాం. కొలతకి మన కరెంట్ బిల్లులో కనిపించే యూనిట్ చాలు. గుర్తుపెట్టుకోండి, ఒక లీటర్ పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది.

1. నీళ్లతో బండి

అసలు నీరు ఇంధనమే కాదు. హైడ్రోజన్ మండిపోయాక మిగిలేదే నీరు. కట్టె కాలాక మిగిలే బూడిద లాంటిదన్నమాట. బూడిదను ఎంత రాజేసినా మంట రాదు కదా!

నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయొచ్చు, అది నిజమే. కానీ 1 కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైనే కరెంట్ కావాలి. అందులో మనకు ఉపయోగపడే శక్తి సుమారు 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్‌లో మళ్లీ దాదాపు సగం వేడిగా పోతుంది. చివరికి మోటార్‌కు చేరేది 16 నుంచి 20 యూనిట్లు. అదే కరెంట్‌ను నేరుగా ఈవీ బ్యాటరీలో నింపితే 40 వరకు మోటార్‌కు చేరుతుంది.

ఇక కిట్ వాళ్లు ఆ కరెంట్‌ను మీ బైక్ బ్యాటరీ నుంచే తీస్తారు. ఆ బ్యాటరీని నింపేది ఎవరు? మళ్లీ మీ పెట్రోల్ ఇంజినే! అమెరికాలో నీళ్ల కారు పేరుతో పెట్టుబడులు తీసుకున్న స్టాన్లీ మేయర్ చేసింది మోసమేనని 1996లో ఒహాయో కోర్టు తేల్చి, డబ్బు వెనక్కి ఇవ్వమంది.

మరి టయోటా మిరాయ్ సంగతి? అందులో నీళ్లు పోయరు, హైడ్రోజన్ నింపుతారు. నీళ్లు బయటకు వస్తాయి.

2. బండి మీద ఫ్యాన్

ఇంజినీరింగ్ ప్రాజెక్టుల్లో ఈ ఐడియా తరచూ కనిపిస్తుంది: బండి వెళ్తుంటే ఎదురుగాలికి ఫ్యాన్ తిరుగుతుంది, బ్యాటరీ చార్జ్ అవుతుంది. కానీ ఆ ఎదురుగాలి ఫ్రీ కాదు. దాన్ని చీల్చుకుని వెళ్లడానికి మోటారే శక్తి ఖర్చు పెడుతోంది. ఫ్యాన్ పెడితే అడ్డు ఇంకా పెరుగుతుంది. ఫ్యాన్ నుంచి వచ్చేదాని కంటే దాని వల్ల అయ్యే ఖర్చే ఎక్కువ.

ఈవీల్లో ఉండే రీజనరేటివ్ బ్రేకింగ్ వేరు. బ్రేక్ వేసినప్పుడు ఎలాగూ వేడిగా పోయే శక్తిలో కొంత వెనక్కి పడుతుంది. అది నిజమైన లాభమే.

3. కారు పైకప్పు మీద సోలార్

ఇది మోసం కాదు, కాకపోతే చిన్నది. మంచి ఎండలో చదరపు మీటర్‌కు 1000 వాట్లు పడతాయి. పైకప్పు మీద 2 చదరపు మీటర్లు, ప్యానెల్ సామర్థ్యం 20 శాతం అనుకుంటే 400 వాట్లు. రోజుకు 5 గంటల పూర్తి ఎండకు 2 యూనిట్లు. దుమ్ము, నీడ, ఇతర నష్టాలు తీసేస్తే 1 నుంచి 1.5. చిన్న ఈవీ యూనిట్‌కు 7 కిలోమీటర్లు వెళ్తే, రోజుకు 7 నుంచి 10 కిలోమీటర్లు.

దగ్గర్లోనే ఆఫీస్ ఉండి, కారును రోజంతా ఎండలో పెట్టేవాళ్లకి ఇది పనికొస్తుంది. కానీ సోలార్‌తోనే హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లలేం. నెదర్లాండ్స్ కంపెనీ లైట్‌ఇయర్ 5 చదరపు మీటర్ల ప్యానెళ్లతో కారు చేసింది. ధర సుమారు 2.5 లక్షల యూరోలు. 2023 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది.

అవే ప్యానెళ్లను ఇంటి డాబా మీద సరైన వాలులో పెట్టి, ఆ కరెంట్‌తో స్కూటర్ చార్జ్ చేసుకోవడం ఇంకా మంచి పద్ధతి. బండికి బరువు ఉండదు, బండి నీడలో ఉంటుంది.

చివరగా

ఈసారి అలాంటి వీడియో వస్తే రెండే ప్రశ్నలు వేయండి. శక్తి మొదట ఎక్కడి నుంచి వస్తోంది? ఎన్ని యూనిట్లు? ఈ రెండింటికీ జవాబు లేకపోతే, ఆ కిట్ డబ్బులతో నాలుగు సార్లు ట్యాంక్ నింపించుకోండి. కనీసం బండైనా కదులుతుంది.