ఈ వారం పాఠం: నల్లరేగడిలో మట్టిసంచుల షెడ్డుకు పునాది

సంచుల్లో మట్టి నింపి, పేర్చి, దిమ్మిసతో కొట్టి కట్టే గోడ పురుగుల షెడ్డుకు బాగుంటుంది. ఎండ వేడి లోపలికి మెల్లగా వస్తుంది. కానీ చెరువు కింది నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పునాది సరిగ్గా లేకుంటే గోడా పగులుతుంది. ఆ సందుల్లోకి బ్లీచింగ్ మందు సరిగ్గా అందదు, రోగం తర్వాతి పంటకు మిగిలిపోతుంది.

1. ఎండాకాలంలోనే కాలవ తవ్వండి. నల్లమట్టి దాటి గట్టి మొరం తగిలేదాకా దిగాలి.

2. కాలవ అడుగు పల్లం వైపు వాలుండాలి. ఆ చివర పైపు పెట్టి నీళ్ళు బయటికి వదలండి. ఇది మరిస్తే కంకర కాలవే కుంటై, పక్క మట్టిని ఇంకా ఉబ్బిస్తుంది.

3. కంకర అరడుగు చొప్పున పోసి, ప్రతి పొరా దిమ్మిస కొట్టండి.

4. నేలపైన మొదటి రెండు వరసలకు మట్టి వద్దు, జంట సంచుల్లో కంకర నింపండి. తేమ పైకెక్కదు. తేమ గోడలుంటే వానాకాలంలో సున్నపుకట్టు రోగానికి దారి ఇచ్చినట్టే.

5. వరసల మధ్య ముళ్ళతీగ రెండు పోగులు పరవండి.

6. గోడ చుట్టూ మూడడుగులు బయటికి వాలు చేయండి. డ్రిప్పు పైపు, మల్బరీ సాళ్ళు దూరంగా ఉండాలి. ఒక పక్కే తడిస్తే గోడ ఆ పక్కే లేస్తుంది.

ఎంత దిగినా మొరం తగలకపోతే ఇంజనీరుకు చూపించండి, లేదంటే మెరక చోటు వెతకండి. పునాదిలో మిగిల్చిన డబ్బు గూళ్ళలో పోతుంది.