వైద్య కళాశాల ఊరికి వచ్చినంత మాత్రాన

2022లో మానుకోట (మహబూబాబాదు) యందును, మరుసటి యేట జనగామ, భూపాలపల్లి పట్టణములయందును ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసిన నాటినుండి ఈ మూడు జిల్లాల తల్లిదండ్రులలో ఒక వింతైన విశ్వాసము వేరూనినది: కళాశాల మన ఊరిదే గనుక సీటును మన బిడ్డదేనని. ఇంటర్ ఫలితములు వెలువడిన వారమున సలహాకై నా యెదుట కూర్చుండు తండ్రులలో ఎక్కువమంది మాట ఒక్కటే. "మా పిల్ల డాక్టరే కావాలె సార్, ఇంకో ముచ్చట చెప్పకుండ్రి." పక్కన తల వంచుకొని దుపట్టా అంచు చుట్టుకొనుచున్న ఆ పిల్లను మాత్రము, నీకేది ఇష్టమమ్మా యని అడిగినవారు లేరు.

కళాశాల ఏ ఊర నున్నను, సీటు నీట్ ర్యాంకును, రిజర్వేషనును బట్టి వచ్చునే కాని ఆ ఊరి బిడ్డయని ఎవరికిని ప్రత్యేకముగా రాదు. 2024లో ఆ పరీక్ష వ్రాసినవారు 23 లక్షలకు పైబడగా, దేశమందలి ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొంచెము పైన. ఈ లెక్క తెలిసియు, ఒకసారి సీటు రాని బిడ్డను లాంగ్ టర్ము కోచింగునకు, అప్పటికిని రాకున్న మరియొక లాంగ్ టర్మునకు పంపుచు, ఎకరమో అరెకరమో కుదువబెట్టి మిత్తికి తెచ్చిన సొమ్మును హైదరాబాదు హాస్టళ్లకు ధారపోయు కుటుంబములను చూచినప్పుడు నాకు జాలికన్న కోపమే ముందు వచ్చుచున్నది. తొలిసారి కొద్ది మార్కులలో తప్పినవారికి ఇంకొక యేడు అర్థవంతమే. ఫిజిక్సనిన వణకు పిల్లకు మూడవ యేడు వట్టి శిక్ష. చేర్పించియే తీరుదుమన్నచో, నడుమ మానిన విద్యార్థికి మిగిలిన కాలపు ఫీజును పది దినములలో తిరిగి ఈయవలెనని 2024 జనవరినాటి కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకములు చెప్పుచున్నవని ఎరిగియుండుడు. ఒరిజినల్ సర్టిఫికెట్లను మాత్రము ఎవరి చేతను పెట్టకుడు.

రోగికి మేలు చేయుటకు డాక్టరు చదువొక్కటే దారి కాదు. షుగరు, బీపీ, మూత్రపిండముల వ్యాధి మొదలగు దీర్ఘరోగములలో రోగి వైద్యుని యెదుట గడుపునది కొన్ని నిమిషములు, కంచము ముందర గడుపునది తక్కిన జీవితమంతయు. ఇంటికి నెలకు ఎన్ని ఉప్పు ప్యాకెట్లు వచ్చుచున్నవో అడిగి, తినువారి సంఖ్యతో భాగించి, రోజుకు 5 గ్రాములు మించరానిది ఎంతకు చేరినదో ఆ ఇల్లాలికి చూపుట. షిఫ్టు మారుచుండు సింగరేణి కార్మికునికి, నైట్ డ్యూటీ వారమున, వైద్యుడు వ్రాసిన ఇన్సులినుకు తగినట్లు అన్నమునకు వేళ కుదుర్చుట. డయాలసిస్ రోగికి బంధువులు ప్రేమతో తెచ్చిన కొబ్బరిబొండము, అందలి పొటాషియము వలన, ప్రాణము మీదికి తేగలదని వారి మనస్సు నొప్పింపక చెప్పుట: ఇది డైటీషియను పని. ఈ శాస్త్రము మనకు క్రొత్తది కాదు. 1918లో కూనూరున పరిశోధకుడు మెక్కరిసన్ ఆరంభించిన పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకయందు నిలిచియున్నది. జొన్నయే ప్రధానాహారమైన పేదలలో కనిపించిన పెల్లాగ్రా వ్యాధికిని, జొన్నలో అధికముగా నుండు అమైనో ఆమ్లమైన లూసిన్‌కును సంబంధము కలదని సి. గోపాలన్ ప్రభృతులు ప్రతిపాదించినది ఆ సంస్థనుండియే. బైపీసీ తరువాత పోషకాహారము ప్రధానాంశముగా డిగ్రీ, ఆపై ఎమ్మెస్సీ: దారి ఇంతే.

అయితే ఈ త్రోవయందును ఉచ్చులు లేకపోలేదు. కొన్ని వారముల ఆన్‌లైన్ తరగతులకే న్యూట్రిషనిస్టను పేరు తగిలించువారును, బరువు తగ్గించు పొడి డబ్బాలను అమ్మించి దానినే ఉద్యోగమనువారును ఇప్పుడు మండల కేంద్రములవరకు వచ్చినారు. ఆ సర్టిఫికెట్టును చూచి ఏ ఆసుపత్రియు రోగిని అప్పగింపదు.

ఇక రెండవ దారియగు తెలుగు ఎంఏ మాట యెత్తినంతనే, "గది చదివి ఏం జేస్తది సార్" అందురు. మానుకోట జిల్లా చిన్నగూడూరున 1928లో జన్మించిన దాశరథి రంగాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'తో తొడగి 'గంగు'ను అసంపూర్ణముగా విడిచిపోయిన తెలంగాణ జీవిత చిత్రణమును 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' నవలలతో కొనసాగించినారు. ఈ అయిదింటిని వరుసగా, వెట్టిని, దొరల ఇండ్లలో దాస్యము చేయు ఆడబాపల బ్రతుకును, పల్లె పలుకుబడిని నోటు పుస్తకమున కెక్కించుకొనుచు చదివిన విద్యార్థికి పరిశోధనాంశము కొరకు ఎవరి గుమ్మమును తొక్కవలసిన పని యుండదు. ఉద్యోగములు విస్తారముగా కలవని నేను చెప్పను. అధ్యాపక నియామకములు అరుదు, జేఆర్ఎఫ్ ఫెలోషిప్పు వచ్చినవారికి నెలకు 37,000 రూపాయలు, రానివారికి ఎదురుచూపులు. కావున ఎంఏతోపాటు బీఎడ్ చేసి ఉంచుకొనుట మేలు. ఇంటికి త్వరగా జీతము కావలసిన బిడ్డకు నేను పోషకాహారమునే సూచింతును. చదువక నిద్రపట్టని బిడ్డను మాత్రము సాహిత్యమునుండి మరలింపను.

తల్లిదండ్రులారా, ఈ వేసవిలో లాంగ్ టర్మునకు అడ్వాన్సు కట్టుటకు ముందు ఒక పని చేయుడు. షుగరున్న నాయనమ్మ వారము దినములు తిన్నదంతయు, వేళతో సహా, వ్రాయుమని బిడ్డకు చెప్పుడు. 'చిల్లర దేవుళ్లు' కొని చేతికిండు. నాయనమ్మ చేత అన్నము తగ్గించి పప్పు, కూర పెంచించినదా, లేక 'మోదుగుపూలు' ఎక్కడ దొరకునని అడిగినదా, చూడుడు. ఆ రెండును జరుగకున్న, అప్పుడు రండి, మూడవ దారిని గూర్చి మాటాడుకొందము. కాని ఆ అమ్మాయిని మాటాడనిండు.