చిన్న సర్వర్: గడియారం, మెమరీ



2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు. ఇలాంటి చోట కిడ్నీ రోగుల డయాలసిస్ తేదీలు, సాయం లెక్కలు చిన్న సర్వర్‌లో పెట్టుకునే సంస్థ రెండు లోపాలను గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మొదటిది గడియారం. రాస్ప్‌బెర్రీ పై 3, 4 బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. కరెంటు పోయి వస్తే, చివరగా దాచుకున్న సమయం నుంచే మళ్లీ మొదలవుతుంది. ఇంటర్నెట్ అందాకే సరి చేసుకుంటుంది. ఈలోగా రాసిన ప్రతి రసీదుకూ తప్పు తేదీ పడుతుంది. బటన్ సెల్ ఉన్న డీఎస్3231 గడియారం బిగించి, సెట్టింగుల్లో నమోదు చేయాలి. తర్వాత నెట్ తీసేసి, పది నిమిషాలు కరెంటు ఆపి, మళ్లీ పెట్టి సమయం చూడాలి.

రెండోది మెమరీ. అది నిండిపోతే లైనక్స్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. అది లెక్కల ప్రోగ్రామే కావచ్చు. 'ఫ్రీ' అంకె తక్కువగా ఉందని కంగారు పడనక్కర్లేదు, 'అవైలబుల్' అంకె చూడండి. అది రోజురోజుకూ తగ్గుతుంటే ఏ ప్రోగ్రామ్ తింటోందో వెతకాలి. తెరపై మెరుపు గుర్తు కనిపిస్తే అది మెమరీ లోపం కాదు, కరెంటు చాలడం లేదని అర్థం. అడాప్టరు, తీగ మార్చాలి.

మీరిచ్చిన రూపాయి ఏ రోజు ఏ రోగికి చేరిందో చెప్పేది ఆ తేదీయే. అది అమానత్. కాబట్టి సర్వర్ కొనేటప్పుడే బటన్ సెల్‌కూ, చిన్న యూపీఎస్‌కూ, ఒక కాగితపు రిజిస్టరుకూ డబ్బు తీసి ఉంచుదాం.