సన్నబియ్యం మిగిల్చిన పైసలు ఎటు పోతున్నాయి?

సందేహాలు - సమాధానాలు

ఈసారి నస్పూర్, శ్రీరాంపూర్ చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కంట్రోల్ బియ్యం గురించి, నెల సరుకుల గురించే. అందుకే పేజీ అంతా వాటికే ఇచ్చాను.

మాది నస్పూర్ కాలనీ. మా ఆయన ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పని చేస్తడు. ఇద్దరు పిల్లలు. ఇదివరకు కంట్రోల్‌లో ఇచ్చే దొడ్డు బియ్యం మేం తినకపోయేది. కిరాణంలో నెలకో 25 కిలోల సన్నబియ్యం బస్తా కొనేది. ఇప్పుడు కంట్రోల్‌లోనే సన్నబియ్యం వస్తున్నయ్, బస్తా కొనుడు బంద్ అయింది. కానీ పప్పు ఎప్పటిలెక్కనే రెండు కిలోలు, గుడ్లు ఎప్పుడన్న ఓసారి. నెలాఖరుకు చేతిల ఏం మిగలదు. ఆ బస్తా పైసలు ఎటు పోతున్నయ్ మేడం?
- ఒక గృహిణి

అమ్మా, ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. ముందు లెక్క చూద్దాం. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పథకం మొదలుపెట్టారు, ఏప్రిల్ నుంచి దుకాణాల్లో ఇస్తున్నారు. తలకు 6 కిలోలు, మీ నలుగురికి 24 కిలోలు. కిలో 50 రూపాయలు అనుకున్నా నెలకు 1,200 మిగలాలి. అయితే ఆ 1,200 ఎవరూ తెచ్చి మీ చేతిలో పెట్టలేదు. ఒక ఖర్చు తప్పింది, అంతే. తప్పిన ఖర్చు కంటికి కనిపించదు కాబట్టి ఫోన్ రీచార్జి, చిట్టీ, కిరాణంలో పాత ఉద్దెర, పిల్లల ఆటో కిరాయి తలా ఇంత పట్టుకుపోతాయి. ఇందులో మీరు చేసిన తప్పేమీ లేదు. అవన్నీ అవసరాలే.

అమెరికాలో పేదలకు సరుకులు కొనుక్కునే కార్డు ఇస్తారు. అక్కడి దుకాణాల బిల్లులు తిరగేసి హేస్టింగ్స్, షపీరో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2018లో ఒక పరిశోధన వెలువరించారు. కార్డులో వంద డాలర్లు వేస్తే ఆ ఇళ్లలో తిండి ఖర్చు 50 నుంచి 60 డాలర్ల దాకా పెరిగింది. అదే వంద మామూలు నగదుగా వస్తే తిండికి వెళ్లేది అందులో చాలా కొద్ది. ‘ఇది తిండి డబ్బు’ అని మనసులో ముద్ర పడితే అది తిండికే పోతుందన్నమాట. మీ బియ్యం మిగిల్చిన డబ్బుకు ఆ ముద్ర లేదు. మీరే వేయాలి.

ఎలాగంటే, కంట్రోల్ దుకాణం నుంచి బియ్యం తెచ్చిన రోజే, ఆ సంచి ఇంట్లో దించగానే, కిరాణానికి వెళ్లండి. 1,200లో సగం చాలు. మూడు వందలతో బొబ్బర్లు, పెసర్లు, శనగలు కలిపి ఓ మూడు కిలోలు తీసుకోండి. మిగతా మూడు వందలు గుడ్లకు. ఒక్కోటి ఏడు రూపాయలు అనుకుంటే 42 వస్తాయి. ఇప్పుడు మీరు కొంటున్న రెండు కిలోల కందిపప్పు నలుగురికి పంచితే మనిషికి రోజుకు 17 గ్రాములు కూడా రావడం లేదు. ఐదు కిలోలైతే 40 గ్రాములు దాటుతుంది, పైన నెలకు తలా పది గుడ్లు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి రోజుకు 85 గ్రాములు ఉండాలి. అక్కడికి చేరకపోయినా సగం దూరం దాటినట్టే. బియ్యం మాత్రం ఇంకా కొనకండి. ఆ సంస్థ చెప్పిన ధాన్యం రోజుకు 250 గ్రాములు. మీకు కంట్రోల్ నుంచే మనిషికి 200 గ్రాములు అందుతోంది, పిల్లలు అంత కూడా తినరు. సాయంత్రం బడి నుంచి వచ్చే పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్ బదులు గుడాలు పెడితే ఆ మూడు కిలోలు ఎలా ఖర్చవుతాయో కూడా తెలియదు.

మా వాడలో ఒకాయన రోజూ అదే మాట. ఉత్తగ ఇస్తే జనం సోమరులైతరు, మిగిలిన పైసలు తాగుడుకే పోతయ్ అంటడు. నేను వాదించలేకపోతున్న. నిజమేనా?
- డిగ్రీ విద్యార్థి, శ్రీరాంపూర్

తమ్ముడూ, మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కొన్ని ఊళ్లలో అవే ఇళ్లను ఏళ్ల తరబడి సర్వే చేసింది. 2013 ఆహార భద్రత చట్టంతో రేషన్ పెరిగినప్పుడు ఏం జరిగిందో ఆ వివరాలతోనే పరిశోధకులు చూశారు. బియ్యం, గోధుమలు చవగ్గా దొరికిన ఇళ్లలో వాటితోపాటు ఇతర ఆహారం కూడా పెరిగింది, పిల్లల్లో గిడసబారడం తగ్గింది. దీనికి భిన్నమైన ఫలితమూ ఉంది. చైనాలోని హునాన్‌లో జెన్సెన్, మిల్లర్ అనే పరిశోధకులు పేదలకు బియ్యం చవగ్గా ఇప్పించి చూస్తే, మిగిలిన డబ్బుతో రుచికరమైన తిండి కొనుక్కున్నారు గానీ పోషణ మెరుగుపడలేదు. రెండు చోట్లా డబ్బు తిండి వైపే వెళ్లింది, మేలైన తిండికా కాదా అన్నదే తేడా. మీ వాడ పెద్దాయనతో వాదన ఈ తేడా దగ్గర మొదలుపెట్టండి.

తాగుడు ఉన్న ఇల్లు బియ్యం రాకముందూ అలాగే ఉంది. అక్కడ కావాల్సింది డబ్బు ఆడవాళ్ల చేతిలో ఉండటం. 2013 చట్టం రేషన్ కార్డులో ఇంటి పెద్దగా 18 ఏళ్లు దాటిన వారిలో పెద్ద వయసు మహిళను పెట్టమన్నది ఊరికే కాదు.

కోడలికి ఐదో నెల. అంగన్‌వాడీకి పోయి మధ్యాహ్నం అక్కడే తింటది. పాలు, గుడ్డు ఇస్తున్నరు. ఆమెకు అక్కడ దొరుకుతున్నయ్ కదా అని ఇంట్ల పాల ప్యాకెట్ బంద్ చేసినం. తప్పా?
- ఒక అత్తమ్మ, నస్పూర్

అమ్మా, ఆ ప్యాకెట్ మళ్లీ వేయించుకోండి. మీలా ఆలోచించే ఇళ్లు చాలా ఉన్నాయి, అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాను.

2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణికి, బాలింతకు రోజూ ఒక పూట నిండు భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఇస్తారు. సరుకులు ఇంటికి పంపకుండా కేంద్రంలోనే కూర్చోబెట్టి ఎందుకు పెడుతున్నారు? ఇంటికి పంపితే మగవాళ్లకు, పిల్లలకు పంచి ఆమె చివర తింటుందని. ఆ గుడ్డు ఆమె కడుపులోకే పోవాలని ఇంత ఏర్పాటు. ఇంట్లో ఆమె వాటా తీసేస్తే ఆ సాయం ఆమెకు అందినట్టు కాదు, ఇంటి ఖర్చుకు అందినట్టు.

ఐదో నెలలో ఆమెకు మామూలు కన్నా రోజుకు 350 కిలో కేలరీలు, దాదాపు పది గ్రాముల మాంసకృత్తులు అదనంగా కావాలి. ఏడో నెల నుంచి మాంసకృత్తులు 22 గ్రాములు అదనం. అంగన్‌వాడీ పాలు, గుడ్డు కలిపి పన్నెండు గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఇంటి తిండి ఎప్పటిలా ఉంటేనే ఆ పన్నెండు లెక్కలోకి వస్తాయి. తెలంగాణలో 15 - 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి ఐరన్ మాత్రలు మానకుండా చూడండి. రాత్రి బువ్వలో పుంటికూరో తోటకూరో పప్పుతో వండి పెట్టండి. పుట్టాక బిడ్డకు ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ప్యాకెట్ కూడా అంతే. అది ఇంటిల్లిపాదికీ లడ్డూలు చేసుకోవడానికి కాదమ్మా.

నాకు 68 ఏళ్లు. చిన్నప్పుడు జొన్న గట్క, రొట్టె తిని పెరిగినం. ఇప్పుడు మూడు పూటలా బువ్వే. షుగర్ వచ్చింది. కంట్రోల్‌ల జొన్నలు ఎందుకియ్యరు?
- సీతారాంపల్లి దగ్గర నుంచి ఒక రైతు

అయ్యా, మీ కంచం మారడంలో సర్కారు బియ్యం పాత్ర ఉంది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు అది ఎన్నో ఇళ్ల ఆకలి తీర్చింది, ఆ మేలు ఎవరూ కాదనలేరు. అదే సమయంలో జొన్న కన్నా బియ్యం చవకైంది. దేశవ్యాప్త వివరాలతో 2015లో కౌశల్, ముచోంబా వెలువరించిన పరిశోధనలోనూ ఇదే తేలింది. రేషన్ రాయితీ పెరిగిన చోట జనం ముతక ధాన్యాలు తగ్గించి వరి, గోధుమల వైపు మళ్లారు, మొత్తం పోషణ మాత్రం పెరగలేదు.

2013 చట్టంలో బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు, ముతక ధాన్యాలు ఒక రూపాయి అని ధర కూడా రాశారు. కర్ణాటకలో రాగులు, జొన్నలు రేషన్‌లో ఇస్తున్నారు. జొన్న పండే పాత ఆదిలాబాద్ జిల్లాలో ఇవ్వడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. ఈ మాట మీరు గ్రామసభలో అడగండి, నేనూ రాస్తూనే ఉంటాను. ఈలోగా రాత్రి పూట బువ్వ మాని ఒకటి రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు పప్పు, కూర తినండి. జొన్నలోనూ పిండిపదార్థం ఉంటుంది కనుక లెక్క దాటవద్దు, మందులు ఆపవద్దు.

బియ్యం బదులు ఖాతాల పైసలు వేస్తే మంచిది కాదా? మాకు కావల్సింది మేమే కొనుక్కుంటం.
- ఆటో డ్రైవర్, నస్పూర్

చండీగఢ్, పుదుచ్చేరిలో 2015 నుంచి అలా వేశారు. ఎంపిక మీ చేతిలో ఉండాలన్న మీ కోరిక న్యాయమైనదే. కానీ బజారులో బియ్యం ధర పెరిగితే ఖాతాలో పడే డబ్బు దానంతట అది పెరగదు. సంచిలో 24 కిలోలు మాత్రం 24 కిలోలే. అందుకే నా ఓటు బియ్యానికే, దాని పక్కన పప్పు కూడా చేర్చాలి. తమిళనాడులో 2007లో మొదలైన పథకం కింద కార్డుకు కిలో కందిపప్పు 30 రూపాయలకు, పామాయిల్ ప్యాకెట్ 25 రూపాయలకు ఇస్తున్నారు. మన దగ్గరా 2013 ఉగాదికి ‘అమ్మ హస్తం’ పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో కందిపప్పు, నూనె ఉండేవి. అది నిలబడలేదు. పప్పు ఒక్కటి తిరిగి తెచ్చినా మొదటి ఉత్తరం రాసిన చెల్లెలి లెక్క సగం తేలికవుతుంది.

బాబుకు ఏడాది దాటింది. కార్డుల పేరు ఎక్కలేదు. ఆరు కిలోలు పోతున్నయ్.
- ఒక తల్లి, నస్పూర్

బాబు ఆధార్, జనన ధ్రువపత్రం తీసుకుని మీసేవలో సభ్యుల చేర్పు దరఖాస్తు పెట్టండి, రసీదు జాగ్రత్త చేసుకోండి. నెలలు గడిచినా కదలకపోతే కలెక్టరేట్ మీ నస్పూర్‌లోనే ఉంది కదా, సోమవారం ప్రజావాణిలో ఆ రసీదు జిరాక్సు జతచేసి అర్జీ ఇవ్వండి.