వెనకవేలు లేని కోడి

సిద్ధవటం,
నవంబరు 2025.

చిరంజీవి హరిణికి తాత ఆశీర్వదించి రాయునది.

మీ అవ్వకు చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి, అంతకుమించి ఏమీ లేదు. నీ మెసేజి చూశాను. ఫోన్లోనే జవాబు చెప్పొచ్చు గానీ, నువ్వు "సరే తాతా, సరే తాతా" అంటూనే ఇంకో పని చూసుకుంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ఆగస్టులో కలివికోడి కూతను ఎవరో పక్షుల పరిశీలకులు రికార్డు చేశారని చదివావు. సంక్రాంతి సెలవులకు నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వస్తానన్నావు. పెద్ద టార్చి, కూత వినిపించే స్పీకరు మీరే తెస్తారు, రాత్రిపూట లంకమల అడవిలో దారి చూపించడం నా వంతు. జువాలజీ చదువుతున్న పిల్ల మన జిల్లా పక్షి కోసం ఇంత తహతహలాడుతోందని ఆ పూటంతా పొంగిపోయాను. వీధి చివర టీ బంకు దాకా పోయి చెప్పుకొచ్చాను కూడా. తెల్లారి లేచాక సంతోషం కాస్త దిగింది. రా తల్లీ, నలుగుర్నీ తీసుకురా. కానీ దాని దగ్గరికి మాత్రం నేను తీసుకుపోను.

నాకు డెబ్బై నిండాయి. లంకమల నీడలో పుట్టి పెరిగాను. కలివి పొదల్లో దూరి, మోచేతులు గీరుకుపోయినా లెక్కచేయకుండా పండ్లు తిని, నాలుక నల్లగా చేసుకుని ఇంటికొచ్చి తన్నులు తిన్నవాణ్ణి. అయినా కలివికోడిని ఇంతవరకూ చూళ్ళేదు. ఒక్కసారి కూడా. ఈ మాట ఎవరికి చెప్పినా జాలిగా చూస్తారు. నాకు జాలి అక్కర్లేదు. ఎందుకక్కర్లేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

1986 జనవరిలో నేను ఇక్కడి హైస్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. మన రెడ్డిపల్లె దగ్గర అడవిలో ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట దీపం వెలుగులో ఒక పక్షిని పట్టాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున దాని కోసం ఇక్కడ తిరుగుతున్న భరత్ భూషణ్ చూసి, ఇదే అన్నాడు. 1900 తర్వాత శాస్త్రవేత్తల కంట పడని పక్షి, ఇక లేదని లోకమంతా వదిలేసుకున్న పక్షి. అప్పటికి పక్షి శాస్త్రవేత్త సలీం అలీకి 89 ఏళ్ళు, ఆయన బతికుండగానే ఈ వార్త వినగలిగాడు. పట్టుబడిన ఆ పక్షి మాత్రం బతకలేదు. పేపర్లవాళ్ళు ఈ సంగతి ఒక వాక్యంలో దాటేశారు. నాకు మాత్రం గుర్తుండిపోయింది.

బళ్ళో పిల్లలు "సార్, మన కోడి బొమ్మ గీయండి సార్" అని వెంటపడ్డారు. నేను చూసింది పేపర్లో మసక ఫొటో ఒక్కటే. అయినా ఎనామిల్ పెయింటు తెప్పించి బడి గోడ మీద మూడడుగుల బొమ్మ వేశాను. కంటి మీద తెల్లని చార, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, అన్నీ బాగానే కుదిరాయి. పేరులో కోడి ఉంది కదా, కాళ్ళకు మన పెరటి కోడికి ఉన్నట్టే ముందు మూడు వేళ్ళు, వెనక ఒక వేలు పెట్టాను. ఎవరూ తప్పు పట్టలేదు. రెండేళ్ళకు లంకమల అభయారణ్యమైంది, అదే ఏడు ఆ పక్షి మీద తపాలా బిళ్ళ కూడా వచ్చింది. నా బొమ్మ గోడ మీద అలాగే ఉండిపోయింది.

పదిహేనేళ్ళ తర్వాత అడవిలో పరిశోధన చేసుకుంటున్న ఒక కుర్రాడు మంచినీళ్ళకని బడికి వచ్చాడు. గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "బొమ్మ బాగుంది మాస్టారూ. దీనికి వెనకవేలు మాత్రం ఉండదు" అన్నాడు. అది కొమ్మల మీద వాలే పక్షి కాదట, నేల మీద పరిగెత్తే పక్షి. కొమ్మ పట్టుకునే పని లేని కాలికి వెనకవేలితో ఏం పని? చిన్నబోయాను. పదిహేనేళ్ళు పిల్లలకు తప్పు కాలు చూపించాను.

మర్నాడు తెల్లవారుజామున ఆ కుర్రాడితో అడవికి పోయాను. జెగనాథన్ అనే శాస్త్రవేత్త ఇక్కడ చేసిన పని గురించి నువ్వు చదివే ఉంటావు. కలివికోడి రాత్రి తిరుగుతుంది, పగలు పొదల్లో ఎక్కడ నక్కుతుందో తెలీదు. అందుకని వాళ్ళు పొదల మధ్య ఖాళీల్లో సన్నటి జల్లెడ మట్టి పట్టీలుగా పరిచేవాళ్ళు. రాత్రి ఏది దాటినా మట్టి మీద అడుగు పడుతుంది, పొద్దున పోయి చూసుకోవడమే. నేను పోయిన రోజు కలివికోడి అడుగు లేదు. కుందేలుది ఉంది, తీతువుది ఉంది, పాము పాకిన వంపు ఉంది. ఆ కుర్రాడు వంగి ఒక్కొక్కటీ కొలిచి, రాసుకుని, మట్టి మళ్ళీ చదును చేసి తర్వాతి పట్టీకి పోయాడు. మొహంలో నిరుత్సాహం అన్నది లేదు. దొరకలేదన్న సంగతిని కూడా దొరికినదాన్ని రాసుకున్నంత శ్రద్ధగా రాసుకోవడం అదే మొదటిసారి చూశాను.

అప్పటిదాకా బొమ్మ వేయడమంటే నాకు తెలిసినదాన్ని గోడ మీద పెట్టడం. ఆ పొద్దున్నుంచి బొమ్మ వేయడమంటే నాకు తెలియనిదేదో తెలుసుకోవడం. మీ సైన్సువాళ్ళకూ మా బొమ్మలవాళ్ళకూ మధ్య గోడ ఉందని కాలేజీల్లో చెబుతారే, అది నిజం కాదమ్మా. ఇద్దరూ చేసేది ఒకటే. కంటికి ఓపిక నేర్పడం.

ఈ కోడికి ఇంగ్లీషులో ఎవరి పేరు పెట్టారో ఆ జెర్డన్ మద్రాసు సైన్యంలో డాక్టరు, కొంతకాలం నెల్లూరులో ఉన్నాడు. ఆ రోజుల్లో జంతువుల గురించి అక్కడి యానాదుల్ని అడిగి తెలుసుకునేవాడు. అతను అచ్చువేసిన పక్షుల పుస్తకంలో బొమ్మలు చాలావరకు గీసింది ఈ దేశపు చిత్రకారులే. వాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు? 1848లో బ్లైత్ అనే శాస్త్రవేత్త ఈ పక్షిని శాస్త్రం పుస్తకంలోకి ఎక్కించాడు, జెర్డన్ పేరు శాశ్వతమైంది. 138 ఏళ్ళ తర్వాత మళ్ళీ చూపించింది ఎవరు? అడవి తెలిసిన ఐతన్నే. నీ రికార్డు పుస్తకంలో సైంటిఫిక్ పేరు రాసినప్పుడల్లా, కలివికోడి అన్న మాట కూడా దాని పక్కన రాయి. ఈ పేరులోనే దాని ఇంటి చిరునామా ఉంది.

ఇక నా తప్పు ఇంకోటి. ఇది వెనకవేలికన్నా పెద్దది. పర్యావరణం పేరుతో ఒక ఏడు వానలకు ముందు మా బడి పిల్లల్ని బయల్దేరదీసి, ఊరి బయట ముళ్ళకంపల నేలలో రెండు వందల గుంతలు తవ్వించాను. కంప నరికించి కానుగ, వేప నాటించాం. ఫొటో దిగాం. రెవెన్యూ కాగితాల్లో ఆ నేల బంజరు, మా దృష్టిలోనూ బంజరే. అసలు సంగతి తర్వాత తెలిసింది. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు, ఖాళీ మైదానమూ పనికిరాదు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలుండి, మధ్యలో పరిగెత్తడానికి వట్టి నేల ఉన్నచోటే అది ఎక్కువగా కనబడిందని ఆ పరిశోధకులే లెక్కగట్టారు. మనం ఎందుకూ పనికిరాదన్న నేలే దానికి ఇల్లు. మేము నాటిన మొక్కల్లో చాలావరకు ఎండిపోయాయి. ఎండిపోయినందుకు ఈరోజు సంతోషిస్తున్నాను అంటే మీ అవ్వ నవ్వుతుంది.

అందుకే మేకల కాపరుల మీద కూడా గబుక్కున నోరు చేసుకోవద్దు. మేకలు మరీ ఎక్కువైతే పొద మిగలదు, నిజమే. అసలు మేయకపోతే పొదలు కమ్ముకుని ఖాళీ నేల మిగలదు. ఎంత మేయాలన్నదే ప్రశ్న. పట్నం నుంచి ప్రేమతో వచ్చేవాళ్ళకు ఈ 'ఎంత' అర్థం కావడానికి కొంచెం టైం పడుతుంది. నాకు ఇక్కడే పుట్టి కూడా పట్టింది.

తెలుగుగంగ కాలువ సంగతి మీ అమ్మకు గుర్తుండాలి. కాలువ దారి కలివికోడి తిరిగే చోటు మీదుగా పడింది. బద్వేలు వైపు మన చుట్టాలందరికీ ఆ నీళ్ళ అవసరం, నేనూ రైతు కొడుకునే. 2005 ప్రాంతంలో గొడవ ముదిరినప్పుడు ఊళ్ళో "కోడికోసం కాలువ ఆపుతారా" అని ఎగతాళి చేశారు. చివరికి కాలువ ఆగలేదు, దారి మారింది. అది మార్చడానికి కేకలు కాదు పనికొచ్చింది. ఫలానా చోట, ఫలానా రోజున, ఈ అడుగు పడింది అన్న కాగితం పనికొచ్చింది. జల్లెడ మట్టి మీద పడిన మూడు వేళ్ళ గుర్తుకు అంత బలముంది.

ఇప్పుడు నీ టార్చి, స్పీకరు విషయం. స్పీకర్లో కూత వినిపిస్తే అది ఇంకో కలివికోడి తన హద్దులోకి వచ్చిందనుకుంటుంది. తిండి మానేసి, దాక్కోవడం మానేసి వెతుక్కుంటూ వస్తుంది. లేని శత్రువుతో పోట్లాటకు పిలిచి, కళ్ళలో వెలుగు కొట్టి, ఫొటో తీసుకుని మీరు హైదరాబాదు బస్సెక్కుతారు. గుడ్డు నేల మీదే పెట్టే రకం పక్షులు ఇవి, చీకట్లో ఐదుగురి బూట్లు ఎక్కడ పడతాయో మీకు తెలీదు. పైగా అనుమతి లేకుండా రాత్రి అభయారణ్యంలోకి పోవడం నేరం. చదువుకునే పిల్లలు కేసుల్లో పడితే మీ అమ్మ నన్ను బతకనివ్వదు.

"చూడకుండా ఎలా ప్రేమిస్తాం తాతా" అని అడుగుతావు. సరే, ఈ రెండు నెలలూ నేను చెప్పింది చేసి చూడు. మీ కాలేజీ ఆవరణలో ఒక్క చెట్టు పట్టుకో. అందమైనది అక్కర్లేదు, రోజూ నీ దారిలో ఉండేది చాలు. వారానికి ఒకసారి, ఒకే వేళకు దాని ముందు కూర్చో. ఫోను సంచీలో పెట్టు. పక్షి కూత వినగానే పేరు చెప్పే యాప్ ఉందని మొన్న చూపించావు, అద్భుతమే, కానీ పేరు తెలియగానే చెవి మూసుకుంటుంది, అదే చిక్కు. ముందు చూడు, తర్వాత గీయి, ఆఖర్న పేరు అడుగు. రబ్బరు వాడొద్దు, తప్పు గీత కూడా ఉండనీ. అందంగా రావాలని గీస్తే మొదటి రోజే నీకు తెలిసిన ఆకే వేస్తావు, ఎదురుగా ఉన్న ఆకును వెయ్యవు. చిగురు ఏ వారం వచ్చింది, ఏ ఆకును పురుగు తింది, పూత ఎప్పుడు రాలింది, రాసుకో. సీజన్ వాచ్ అని దేశమంతా పిల్లలూ పెద్దలూ ఇలా చెట్ల రుతువులు నమోదు చేసే కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది, నువ్వు రాసుకున్నది అక్కడికీ పంపు.

ప్రతి పేజీ మీద తేదీ, చోటు రాయడం మరిచిపోవద్దు. నేను ఊరికే సతాయిస్తున్నానని అనుకోకు. స్కాట్లాండులో ఆబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు ఉంది. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించింది. దాని సంగతి 2013లో బయటపడింది, డీఎన్ఏ పరీక్ష చేస్తే కలివికోడిదే అని తేలింది. దాదాపు వందేళ్ళు ఎవరికీ పట్టకపోయినా, ఏ ఏడు, ఎక్కడ సేకరించారన్నది మాత్రం నిలిచి ఉంది. ఆ తేదీ, చోటు లేకపోతే అది ఒక గుడ్డు, అంతే. నీ చెట్టు బొమ్మ మీద తేదీ లేకపోతే అది కూడా ఒక బొమ్మ, అంతే.

ప్రేమంటావా, నాలుగైదు వారాలకు ఆ చెట్టు కొమ్మ ఎవరైనా నరికితే నీకు ఎంత కోపమొస్తుందో చూసుకో. మిగతా సంగతి నేను చెప్పక్కర్లేదు.

సంక్రాంతికి రండి. మీ ఐదుగురికీ మిద్దె మీద పడక. పగలు మన చేను గట్టు మీద ఉన్న కలివి పొద చూపిస్తాను, దాని కింద జల్లెడ మట్టి పరిచి, ఇంటికొచ్చి పడుకుందాం, తెల్లారి ఏం నడిచిందో చూద్దాం. ఏ పూరేడో, ముంగిసో దాటి ఉంటుంది. పొద్దుగూకాక అరగంట మిద్దె మీద ఎవరూ మాట్లాడకూడదు, అదొక్కటే నా షరతు. టార్చి అక్కర్లేదు, స్పీకరు అసలే వద్దు. గట్టి చెప్పులు తెచ్చుకోండి, కలివి ముల్లు గుచ్చుకుంటే పట్నం బూటు ఆగదు. 2బీ పెన్సిళ్ళు నా దగ్గరున్నాయి, కాగితాలు మాత్రం మీరు తెండి.

బడికి కూడా తీసుకుపోతాను. గోడకు రెండుసార్లు సున్నం వేసినా హెడ్మాస్టర్లు ఆ బొమ్మ జోలికి పోలేదు. ఆ కుర్రాడు చెప్పిన వారమే నిచ్చెన వేసుకుని వెనకవేలి మీద మట్టిరంగు పూశాను. రంగు సరిగ్గా కలవలేదు. ఆ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇట్లు,
మీ తాత